రంగు మీద రంగు కూర్చోవాలంటే లక్షలు అక్కర్లేదు

సంపాదకుడు గారికి నమస్కారం.

చిన్న స్క్రీన్ ప్రింటింగ్ షాపులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయని, డిజిటల్ మెషీన్లు వచ్చాక వీటికిక కాలం చెల్లిందని ఆ మధ్య మీ జిల్లా పేజీలో రాశారు. మూతపడుతున్న మాట నిజమే. కారణం మాత్రం మీరు రాసింది కాదు. కందుకూరులో షాపు నడుపుతున్నవాడిగా, అటు ఒంగోలు నుంచి ఇటు కావలి, నెల్లూరు దాకా ఈ పని చేసేవాళ్ళతో తరచూ మాట్లాడేవాడిగా చెప్తున్నాను, మాకు ఆర్డర్లు వస్తూనే ఉన్నాయి, ఆర్డర్లో రెండో రంగు ఉందనగానే మేమే వెనక్కి పంపేస్తున్నాం. ఆ రెండో రంగు ఎందుకు వెయ్యలేకపోతున్నామో, దానికి కావలసిన సామాను మన ఊళ్ళల్లోనే ఎంత తక్కువలో తయారు చేసుకోవచ్చో రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పొడుగవుతుంది. కత్తిరించకుండా వేస్తే మేలు, ఎందుకంటే ఇందులో కొలతలున్నాయి.

పని లేదన్న మాట ముందు పక్కన పెడదాం. 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్ల లోపు, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల లోపు ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు దేశమంతా నిషేధం. అప్పటి నుంచి బట్టల కొట్లు, స్వీటు షాపులు, మెడికల్ షాపులు గుడ్డ సంచులకీ నాన్ వోవెన్ సంచులకీ వచ్చేశాయి, ప్రతి సంచి మీదా కొట్టు పేరు కావాలి. 2022 జూలై 18 నుంచి 25 కేజీల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడ్డాక మిల్లుల వాళ్ళు 26 కేజీల బస్తాకి మారారు, దాంతో సంచి మీద అచ్చు కూడా మారింది. అదే ఏడాది ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు మా ఊరు ప్రకాశం నుంచి నెల్లూరులోకి వెళ్ళింది, కొట్ల బిల్లు పుస్తకాలు, కవర్లు, లెటర్‌హెడ్లు, స్టిక్కర్లు అన్నీ జిల్లా పేరు మార్చి మళ్ళీ వేశాం. ఇవి కాక పెళ్ళిళ్ళకి పంచే సంచులు, కాలేజీ ఫెస్టులు, చర్చి సభలు, అయ్యప్ప దీక్ష సంచులు, నెల్లూరు రొట్టెల పండగప్పుడు వాలంటీర్ల టీషర్టులు, ఎడ్ల పందేల కమిటీల టీషర్టులు. పని బోలెడుంది.

ఆ ఎడ్ల పందేల టీషర్టు దగ్గరే అసలు విషయం తెలుస్తుంది. మెరూన్ రంగు టీషర్టు మీద ఒంగోలు గిత్త బొమ్మ కావాలంటారు. ఒంగోలు గిత్త తెల్లది కాబట్టి ముందు తెల్ల రంగు ఒక స్క్రీన్‌తో, అంటే ఫ్రేముకి బిగించిన సన్నటి జాలీతో, వెయ్యాలి, దాని మీద మూపురం, కొమ్ములు, గంగడోలు గీతలు నల్ల రంగుతో ఇంకో స్క్రీన్‌తో వెయ్యాలి. రెండు స్క్రీన్లకీ రెండు ఫిల్ములు, అంటే బొమ్మని నల్లగా ప్రింటు తీసిన పారదర్శక షీట్లు, మేం పాజిటివ్ అంటాం. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడాన్నే రిజిస్ట్రేషన్ అంటారు. అర మిల్లీమీటరు తేడా వస్తే చాలు, నల్ల గీత బయటికి తెల్లటి అంచు తొంగిచూస్తుంది, ఇంకో వైపు గీతకీ తెలుపుకీ మధ్య మెరూన్ సందు కనిపిస్తుంది. టీషర్టు చేతిలోకి తీసుకున్నవాడి కన్ను మొదట పడేది అక్కడే. మూడో రంగు ఉంటే, ఎర్రటి కుంకుమ బొట్టో మెడలో పట్టెడో ఉంటే ఇంక చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మా షాపుల్లో దీన్ని ఎలా కలుపుతున్నారో చెప్తాను. ఫిల్ము మీద ప్లస్ గుర్తులు పెట్టుకుంటాం. స్క్రీన్ మీద ఫిల్ముని కంటికి తోచిన చోట టేపుతో అంటించి ఎక్స్‌పోజ్ చేస్తాం, అంటే లైటు పెట్టి బొమ్మని స్క్రీన్ మీదికి దింపుతాం. అలాగే రెండోది. ఇక టేబుల్ మీద మొదటి రంగు వేసి, రెండో స్క్రీన్ బిగించి, ఒక ప్రింటు తీసి, ఇటు కొంచెం, అటు కొంచెం జరిపి, ఇంకో ప్రింటు తీసి, మళ్ళీ జరిపి, ఈలోగా మొదటి స్క్రీన్లో ఇంకు ఎండిపోయి మెష్, అంటే ఆ జాలీ, మూసుకుపోతుంది. వంద సంచుల ఆర్డర్లో పది సంచులు సెట్టింగ్‌కే పోతే మిగిలేది ఏముంటుంది? అందుకే ఒక్క రంగైతే వేస్తాం, రెండో రంగు ఉంటే విజయవాడ వెళ్ళండి, మద్రాసు వెళ్ళండి అని పంపించేస్తాం. వాళ్ళు అక్కడికి ఒకసారి వెళ్ళాక ఒక్క రంగు పని కూడా అక్కడే ఇచ్చేస్తారు. షాపు మూతపడేది ఇలా.

ఫిల్ములన్నిటికీ ఒకే చోట రంధ్రాలుండి, ఆ రంధ్రాలు ఒకే రకం పిన్నుల మీద కూర్చుంటే ఈ కుస్తీ చాలావరకు తప్పుతుంది. ఇదేమీ కొత్త సంగతి కాదు, మీకు బాగా తెలిసిందే. మీ పేపరు రంగు పేజీ అడుగున లేదా అంచున నాలుగు చిన్న చుక్కలుంటాయి కదా, సయాన్, మెజెంటా, ఎల్లో, బ్లాక్, అవి చూసే మీ ప్రెస్సులో రంగులు కలిశాయో లేదో చెప్తారు. ఆ నాలుగు ప్లేట్లు మెషీన్ మీద సరిగ్గా కూర్చోడానికి ముందుగానే ప్లేటు అంచున పంచ్ చేసి పిన్నులకి తగిలిస్తారు. పెద్ద ప్రెస్సుల్లో ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి చిన్న షాపు దాకా రాలేదు. కారణం ఒకటే, దీనికంటూ అమ్మే సామాను బయటి దేశాల నుంచి రావాలి, పిన్ బార్లు, ట్యాబులు, జిగ్గు అన్నీ కలిపి తెప్పించుకుంటే పదుల వేలు అవుతుంది. నెలకి అద్దె కట్టడమే కష్టంగా ఉన్న షాపు ఆ మాట వినగానే వదిలేస్తుంది. కానీ దగ్గరికెళ్ళి చూస్తే ఆ సామాన్లో ఉన్నదేమిటి? రెండు గుండ్రటి పిన్నులు, అవి బిగించే ఒక పట్టీ, రంధ్రం పెట్టిన ప్లాస్టిక్ ముక్కలు. అంతే.

పిన్నులతో మొదలుపెడతాను. ఆఫీసుల్లో ఫైలుకి రంధ్రాలు పెట్టే పంచింగ్ మెషీన్ రంధ్రం సుమారు 6 మి.మీ. ఉంటుంది. అంతర్జాతీయ కొలత ప్రకారం రెండు రంధ్రాల మధ్య 80 మి.మీ. దూరం. 6 మి.మీ. డోవెల్ పిన్ అని మెషినరీ సామాన్లు అమ్మే కొట్లలో అడిగితే ఇస్తారు, నున్నగా సానబట్టిన గట్టి ఉక్కు ముక్క, లేత్ పనివాళ్ళందరికీ తెలిసిన వస్తువే. బోల్టు మాత్రం వాడొద్దు. బోల్టుకి మరలుంటాయి, 6 మి.మీ. అని పేరే గానీ కొలిస్తే అంతకన్నా తక్కువుంటుంది, రంధ్రం దాని మీద వదులుగా ఆడుతుంది. మీ పంచ్ పెట్టే రంధ్రం పిన్నుకి బిగువుగా ఉందో లేదో చూసుకుని, వదులైతే వేరే కంపెనీ పంచ్ తెచ్చుకోవాలి. వేలితో నొక్కితే దిగాలి, దానంతట అది జారిపోకూడదు.

ఫైలు పంచ్ తోనే నేరుగా ఫిల్ముకి రెండు రంధ్రాలు పెట్టేస్తే సరిపోతుంది కదా అని చాలామంది అడిగారు. సరిపోదు, ఎందుకో లెక్క చూడండి. పిన్నుకీ రంధ్రానికీ మధ్య 0.1 మి.మీ. వదులుందనుకుందాం. రెండు పిన్నుల మధ్య 80 మి.మీ. మాత్రమే ఉంటే, పిన్ను నుంచి 400 మి.మీ. దూరంలో ఉన్న ఫిల్ము చివర ఆ తేడా ఐదింతలై 0.5 మి.మీ. అవుతుంది. గిత్త తల దగ్గర రంగు కూర్చుని తోక దగ్గర తప్పేది ఇందుకే. అదే పిన్నుల మధ్య 360 మి.మీ. పెడితే తేడా ఇంచుమించు 0.1 దగ్గరే ఆగుతుంది. పిన్నులు ఎంత దూరంగా ఉంటే అంత మంచిది.

అంత దూరంలో రెండు రంధ్రాలు ఒకేసారి పెట్టే పంచ్ మన దగ్గర దొరకదు, దొరికినా ఖరీదు. అక్కడే ట్యాబు పనికొస్తుంది. ట్యాబంటే వేలెడంత పొడవున్న గట్టి ఫిల్ము ముక్కకి ఒక రంధ్రం పెట్టడమే. ముందు ట్యాబుల్ని పిన్నుల మీద కూర్చోబెట్టి, వాటి మీదికి పాజిటివ్ అంచు వచ్చేలా పెట్టి టేపు వేస్తాం. ట్యాబు ముందే పిన్ను మీద ఉంది కాబట్టి రంధ్రం ముక్కలో కొంచెం అటూ ఇటూ పడినా మనకి పట్టింపు లేదు. దూరాన్ని నిలబెట్టేది పట్టీ, పంచ్ కాదు. ఈ ఒక్క విషయం అర్థమైతే సగం ఖర్చు పోయినట్టే.

ట్యాబులకి ఫిల్ము కొనక్కర్లేదు. ప్రతి ఇంట్లో బీరువా మీద పాత ఎక్స్‌రే కవర్లుంటాయి. ఎక్స్‌రే ఫిల్ము 0.175 మి.మీ. మందం ఉన్న పాలియెస్టర్, గట్టిది, సాగదు, చిరగదు. పేరు, వివరాలున్న మూల కత్తిరించి పారేసి, మిగతాది 25 మి.మీ. వెడల్పు, 60 మి.మీ. పొడవు ముక్కలు చేస్తే ఒక్క ఎక్స్‌రేకి డజన్ల కొద్దీ ట్యాబులు వస్తాయి. రంధ్రం సాగినట్టు అనిపిస్తే పారేసి కొత్తది వాడుకోవచ్చు, డబ్బులు పెట్టింది కాదు కాబట్టి మనసు పీకదు. ఎడమ వైపు ట్యాబుకి గుండ్రటి రంధ్రం, కుడి వైపు ట్యాబుకి పొడుగు రంధ్రం పెట్టాలి. పొడుగు రంధ్రం కోసం వేరే పంచ్ అక్కర్లేదు, ఒకసారి కొట్టి 2 మి.మీ. జరిపి మళ్ళీ కొట్టడమే. రెండు వైపులా గుండ్రటివే పెడితే ఎండకి ఫిల్ము పెరిగినప్పుడు మధ్యలో ఉబ్బుతుంది, పొడుగు రంధ్రముంటే పెరిగిన మేరకు జరిగి చదునుగా ఉంటుంది.

ఇక పట్టీ. చూడ్డానికి బాగుంటుందని, లేజర్ కటింగ్ వాళ్ళు చక్కగా కోసిస్తారని అందరూ అక్రిలిక్ వైపు వెళ్తున్నారు. నేను గట్టిగా వద్దంటున్నది ఇదే. అక్రిలిక్ ఒక మీటరు పొడవు, ఒక డిగ్రీ వేడికి సుమారు 0.07 మి.మీ. పెరుగుతుంది. మన ఒంగోలు, నెల్లూరు మే నెల ఎండల్లో షాపులో పొద్దునకీ మధ్యాహ్నానికీ పది డిగ్రీల తేడా మామూలే. 360 మి.మీ. దూరానికి లెక్కేస్తే పావు మిల్లీమీటరు, అంటే 0.25, పిన్నే జరిగిపోతుంది. అల్యూమినియం అందులో మూడో వంతు మాత్రమే పెరుగుతుంది, 0.08 మి.మీ. ఇంకో మంచి సంగతేమిటంటే పాలియెస్టర్ ఫిల్ము పెరిగేది కూడా దాదాపు అంతే, 0.06. పట్టీ, ఫిల్ము కలిసి పెరిగి కలిసి తగ్గుతాయి. కాబట్టి కిటికీలు, పార్టిషన్లు చేసేవాళ్ళ దగ్గర దొరికే 25 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం అల్యూమినియం పట్టీ తీసుకుని, లేత్ షాపులోనో డ్రిల్లింగ్ మెషీన్ ఉన్నచోటో 6 మి.మీ. రంధ్రాలు పెట్టించి, డోవెల్ పిన్నులు దిగగొట్టించి, కింద అరాల్డైట్ పెట్టిస్తే అయిపోయింది. పిన్ను పైకి 3 మి.మీ. కనిపిస్తే చాలు, ఎక్కువ ఎత్తు పెడితే ఫిల్ము తీసేటప్పుడు ట్యాబు వంగుతుంది.

పిన్నులు మూడు పెట్టమంటాను. ఎడమ చివర ఒకటి, అక్కడి నుంచి 240 మి.మీ. దగ్గర ఒకటి, 360 మి.మీ. దగ్గర ఒకటి. ఏ4 ఫిల్ముకి మొదటిదీ రెండోదీ, ఏ3 ఫిల్ముకి మొదటిదీ మూడోదీ. ట్యాబు ఫిల్ము అంచు దాటి బయటికుంటుంది కాబట్టి మధ్య పిన్ను ఏ3 ఫిల్ముకి అడ్డు రాదు. చాలా షాపుల్లో ఏ4 లేజర్ ప్రింటరే ఉంది, పెద్ద పాజిటివ్ కావాలంటే డీటీపీ సెంటర్‌కి వెళ్తారు, ఇద్దరికీ ఒకే పట్టీ సరిపోవాలి. ఒకే కొలత పెట్టి ఇలాంటివి రెండు పట్టీలు చేయించాలి, ఫిల్ములు కలిపే చోటికి ఒకటి, స్క్రీన్‌కి అంటించే చోటికి ఒకటి. రెండు పట్టీలనీ ఒకదాని మీద ఒకటి బిగించి ఒకేసారి రంధ్రాలు పెట్టిస్తే రెండింటి కొలతలో తేడా రాదు. విడివిడిగా కొలిచి పెడితే ఎంత మంచి పనివాడైనా వెంట్రుకవాసి తేడా వస్తుంది.

మొదటి పట్టీని బిగించడానికి చదునైన బల్ల కావాలి. ప్లైవుడ్ వానాకాలంలో వంగుతుంది. చీమకుర్తి చుట్టుపక్కల గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల దగ్గర అంచు ముక్కలు గుట్టలుగా పడి ఉంటాయి, రెండడుగుల ముక్క తెచ్చుకుంటే అంత చదునైన బల్ల ఎక్కడా దొరకదు, వేడికి అల్యూమినియం కన్నా తక్కువ కదులుతుంది, బరువుకి కదలకుండా కూర్చుంటుంది. నల్ల రాయి మీద నల్ల గీత కనిపించదు కాబట్టి తెల్ల కాగితం పరిచి దాని మీద పని చెయ్యాలి. లైటు టేబుల్ ఉన్నవాళ్ళకి ఇది అక్కర్లేదు, గాజు అంచునే పట్టీ అంటించుకోవచ్చు.

ఫిల్ములు కలిపేటప్పుడు గీతలెక్కువ ఉన్నదాన్ని, మామూలుగా నల్ల రంగుదాన్ని, ముందు ట్యాబుల మీద పెట్టి టేపు వేసుకోవాలి. మిగతా రంగుల ఫిల్ములు ఒక్కొక్కటిగా దాని మీద పెట్టి, పిన్నులకి ఇంకో జత ట్యాబులు తొడిగి, ప్లస్ గుర్తులు నాలుగు వైపులా కలిశాయో లేదో భూతద్దంతో చూసి అంటించాలి. బట్టల కొట్లలో దారాలు లెక్కపెట్టే మడత భూతద్దం దీనికి భలే పనికొస్తుంది. ప్లస్ గుర్తు గీత సన్నగా, 0.1 మి.మీ. దగ్గర్లో ఉండాలి, లావు గీతలు కలిసినట్టే కనిపిస్తాయి కానీ కలవవు. టోనర్ వైపు కిందికే ఉండాలి. తర్వాత స్క్రీన్‌కి తగిలేది ఆ వైపే కాబట్టి ఇక్కడ పైకి పెట్టి అంటించేస్తే అక్కడ తిరగేసినప్పుడు ఎడమ ట్యాబు కుడికి వెళ్ళిపోతుంది. మాస్కింగ్ టేపు వద్దు, అది ముడతల కాగితం, లాగితే సాగుతుంది, వేడికి జిగురు జారుతుంది. పారదర్శకంగా ఉండే మామూలు టేపు చాలు, బొమ్మ మీదికి రానివ్వకూడదు, వస్తే ఆ అంచు కూడా స్క్రీన్లో పడుతుంది.

స్క్రీన్ సంగతి చాలామంది మర్చిపోతారు. ఫిల్ములు ఎంత బాగా కలిపినా స్క్రీన్ ప్రతిసారీ వేరే చోట కూర్చుంటే లాభం లేదు. ఒక ఫ్రేము మళ్ళీ మళ్ళీ అదే చోట కూర్చోవాలంటే మూడు చోట్ల ఆనాలి, పొడుగు వైపు రెండు, పొట్టి వైపు ఒకటి. నాలుగోది పెడితే ఒకసారి దీనికి, ఇంకోసారి దానికి ఆని ఫ్రేము ఊగుతుంది. ఆ మూడు చోట్ల 608 నంబరు బాల్ బేరింగులు 8 మి.మీ. బోల్టుతో బిగిస్తే సరి, గుండ్రంగా, గట్టిగా ఉంటాయి, అరగవు, ఎక్కడైనా చవగ్గా దొరుకుతాయి. ఫ్రేము అచ్చు వైపు, అంటే సరుకుకి తగిలే వైపు, పైకి పెట్టి మూడు బేరింగులకీ ఆనించాలి. ఫ్రేముకి అటూ ఇటూ దాని మందమంత ఎత్తు దిమ్మలు రెండు పెట్టి, వాటి మీద రెండో పట్టీని మెష్ మీదుగా అడ్డంగా బిగించాలి. పాజిటివ్ ట్యాబుల్ని పట్టీ పిన్నులకి తగిలించి, ఫిల్ముని మెష్ మీద పరిచి టేపు వేసి, ట్యాబులు పిన్నుల నుంచి తీసి, ఫ్రేముని ఎక్స్‌పోజింగ్‌కి తీసుకెళ్ళడమే. పట్టీ 3 మి.మీ. మందం ఉంది, ట్యాబు కొంచెం వంగుతుంది కదా అంటారేమో, వంగుతుంది, కానీ అన్ని రంగులకీ ఒకేలా వంగుతుంది. అన్ని ఫిల్ములూ ఒకే వైపు ఒకేంత జరిగితే అది రిజిస్ట్రేషన్ తప్పు కిందికి రాదు.

ప్రింటింగ్ టేబుల్ మీద కూడా అదే దూరాల్లో, ఫ్రేముకి అవే మూడు చోట్ల తగిలేలా మూడు బేరింగులు. చెక్క ఫ్రేములు వాడేవాళ్ళు బేరింగు తగిలే మూడు చోట్లా చదును తల స్క్రూ ఒకటి దిగగొట్టుకుంటే చెక్క నొక్కుకుపోకుండా ఉంటుంది, వెల్డింగ్ అల్యూమినియం ఫ్రేములైతే ఆ బాధ లేదు. వేసే కాగితానికైనా గుడ్డకైనా ఇదే సూత్రం, మూడు గైడ్లు, ప్రతి రంగుకీ అదే మూల. సంచులు కుట్టాక ఇస్తే ఏ మూలా సమంగా ఉండదు, కుట్టకముందే ముక్కల మీద వేయించుకోమని టైలర్‌కీ కస్టమర్‌కీ నచ్చజెప్పుకోవాలి. చీరల ప్రింటింగ్ చేసేవాళ్ళ పొడుగు టేబుళ్ళ పక్కన రైలు పట్టీ, దానికి స్టాపర్లు ఉంటాయి, స్క్రీన్ వాటికి ఆనించి జరుపుకుంటూ పోతారు. వాళ్ళకి తెలిసిన పని మనం చిన్న టేబుల్ మీద చేస్తున్నామంతే.

ఫిల్ము దగ్గర ఖర్చు తగ్గించొద్దని కూడా చెప్పాలి. చాలామంది ఇప్పటికీ బటర్ పేపర్ మీదో ట్రేసింగ్ పేపర్ మీదో లేజర్ ప్రింట్ తీసి నూనె రాసి వాడుతున్నారు. ఒక్క రంగుకి పర్వాలేదు. రెండు రంగులకి పనికిరాదు, అది కాగితం, గాలిలో తేమని పీల్చి పెరుగుతుంది. సముద్రం పక్కనున్న మన ఊళ్ళల్లో పొద్దున తీసిన ప్రింటూ మధ్యాహ్నం తీసిన ప్రింటూ పక్కపక్కన పెట్టి చూడండి. పాలియెస్టర్ లేజర్ ఫిల్ముకి తేమ బాధ లేదు కానీ ప్రింటర్లో వేడికి మొదటిసారి కొంచెం కుంచించుకుపోతుంది, అందుకని ఖాళీ షీటుని ఒకసారి ప్రింటర్లోంచి పంపి, చల్లారాక దాని మీద అసలు ప్రింటు తియ్యాలి. ఒక ఆర్డర్ ఫిల్ములన్నీ ఒకే పూట, ఒకే ప్రింటర్లో, ఒకే వైపు నుంచి పెట్టి తియ్యాలి. ఆర్ట్‌వర్క్‌లో తెలుపుని నల్ల గీత కిందికి 0.3 మి.మీ. పోనిస్తే, ట్రాప్ అంటారు, ఆ కాస్త తేడాని గీతే దాచేస్తుంది.

దీంతో అన్నీ సరైపోతాయని చెప్పను. మెష్ వదులుగా ఉంటే పిన్నులేమీ చెయ్యలేవు, స్క్వీజీ, అంటే రంగు లాగే రబ్బరు బ్లేడు, లాగినప్పుడు మెష్‌తో పాటు బొమ్మ కూడా సాగుతుంది. ఒక ఆర్డర్‌కి వాడే స్క్రీన్లన్నీ ఒకేలా బిగువుగా ఉండాలి, స్క్రీన్‌కీ సరుకుకీ మధ్య ఎడం అన్నిటికీ ఒకేలా, 2, 3 మి.మీ. మించకుండా ఉండాలి. ఫోటోలు చుక్కల్లో నాలుగు రంగులతో వేసే పని ఇంకా కష్టం, అది ఈ పట్టీతో మొదలుపెట్టొద్దు. రెండు రంగులు, మూడు రంగుల అక్షరాలు, బొమ్మలు, గుర్తులు, మన దగ్గరికి వచ్చే ఆర్డర్లలో ఎక్కువ ఇవే, వీటికి ఇది పూర్తిగా సరిపోతుంది. సెట్టింగ్‌కి గంటలు పట్టేది నిమిషాల్లోకి వస్తుంది, పాడయ్యే సరుకు బాగా తగ్గుతుంది. పిన్నులు, పట్టీలు, బేరింగులు, డ్రిల్లింగ్ కూలి అన్నీ కలిపి మా వైపు రెండు వేలు దాటదు. పాత పంచ్ ఇంట్లో ఉంటే ఇంకా తక్కువ.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్లకి 15 వేల రూపాయల దాకా ఇస్తారు, కానీ అందులోని 18 వృత్తుల్లో స్క్రీన్ ప్రింటింగ్ లేదు. చేర్చమని అడగాల్సినవాళ్ళు అడగాలి, ఆ సంగతి వేరు. అప్పటిదాకా ఆగాల్సిన అవసరం మాత్రం లేదు, ఎందుకంటే ఈ పనికి పదిహేను వేలు కూడా అక్కర్లేదు.

ఇప్పుడు మీ నుంచి నేను కోరేది చెప్తాను. ఎవరికి వాళ్ళు తోచిన కొలతలో పట్టీ చేయించుకుంటే మళ్ళీ మొదటికే వస్తుంది, ఒంగోలు డీటీపీ సెంటర్లో ట్యాబులు వేసిన ఫిల్ము కావలి షాపులో కూర్చోదు. రెండు జిల్లాల్లోనూ అందరూ ఒకే కొలత పాటిస్తే, 6 మి.మీ. పిన్ను, 240, 360 మి.మీ. దూరం, ఎడమ గుండ్రటి రంధ్రం, కుడి పొడుగు రంధ్రం, ఒకరి దగ్గర పని ఎక్కువైతే ఫిల్ములతో సహా పక్క ఊరి షాపుకి పంపించుకోవచ్చు, డీటీపీ వాళ్ళే ట్యాబులు అంటించి ఇచ్చి దానికో నాలుగు డబ్బులు తీసుకోవచ్చు. అందుకని ఈ కొలతల్ని ఒక చిన్న బొమ్మతో మీ జిల్లా పేజీలో వెయ్యండి, కత్తిరించి గోడకి అంటించుకునేలా. బొమ్మ పంపమంటే వెంటనే గీసి పంపుతాను. నెల్లూరు, ఒంగోలు ఐటీఐల్లో ఫిట్టర్ పిల్లలకి ప్రాక్టికల్స్‌లో ఫైలింగ్, డ్రిల్లింగ్ నేర్పిస్తారు కదా, రెండు పట్టీలు కలిపి బిగించి కచ్చితమైన దూరంలో రంధ్రాలు పెట్టడం కంటే మంచి ప్రాక్టికల్ ఏముంటుంది? ప్రిన్సిపాళ్ళు ఒప్పుకుంటే సామాను మేం కొనిస్తాం, చేసిన పట్టీలకి డబ్బులూ ఇస్తాం. ఆ మాట మీ విలేకరి వెళ్ళి అడిగితే ఒక విలువుంటుంది, నేను వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు.

ఇంకొకటి. మీ ప్రెస్సులో అచ్చు అయిపోయిన అల్యూమినియం ప్లేట్లు పాత సామాన్ల వాళ్ళకి అమ్మేస్తుంటారు. సుమారు 0.3 మి.మీ. మందం ఉండే ఆ రేకు మాకు చాలా పనులకి వస్తుంది, ఫ్రేముల అంచులకి, చెక్క ఫ్రేము బేరింగుకి తగిలే చోట తొడుగుకి, కాగితం గైడ్లకి. తూకానికి వాళ్ళిచ్చే ధరే మేం ఇస్తాం, నెలకోసారి ఒక కట్ట మా షాపులకి అమ్మేలా మీ ప్రెస్సు మేనేజర్‌తో ఒకసారి మాట్లాడి చూడండి.

ఇట్లు,
ఒక స్క్రీన్ ప్రింటింగ్ షాపు యజమాని,
కందుకూరు